సముద్రం ఆగినప్పుడల్లా లేచే మా బావ

ఎనభైల చివర మా బావ సిద్ధరాములు పుణెలో మారథాన్ పరుగెత్తాడంటే సోలాపూర్ అశోక్ చౌక్‌లో ఇప్పటికీ నమ్మరు. నమ్మకపోతే మానె! ఆయన గీత దాటేసరికి షామియానాలు విప్పుతున్నారు, నీళ్ళిచ్చేవాళ్ళు గ్లాసులు సర్దుకుంటున్నారు. అయినా దాటాడు. ఏళ్ళ తరబడి కారఖానాలో నాలుగు మరమగ్గాల మధ్య అటూ ఇటూ తిరిగిన మనిషి. "నేను రోజూ ఉరికేదే గద, ఈసారి సీదా ఉరుకుత" అని పాత కాన్వాస్ బూట్లు తొడుక్కుని పోయాడు.

తిరిగొచ్చాక చూడాలి ఆయన వైభోగం. మెట్లు దిగాలంటే వెనక్కి తిరిగి, గోడ పట్టుకుని దిగేవాడు. కుడి మోకాలు గుమ్మడికాయంత అయింది. డాక్టర్ నొక్కి చూసి, వారం రోజులు కాలు కింద పెట్టొద్దన్నాడు. పెడితే ఇక మగ్గం దగ్గర నిలబడటం మరిచిపొమ్మని ఖరాఖండీగా చెప్పాడు. మా అక్క గోదావరి ముఖం పాలిపోయింది. నిలబడలేని మనిషికి కారఖానాలో ఏం పని?

పడుకోవడం ఏమంత కష్టమని మీరనుకోవచ్చు. మా పేటలో పుట్టలేదు గనక అనుకుంటారు. మా ఇళ్ళలో గోడ అవతల మగ్గాలు నడుస్తూనే ఉంటాయి. సాంచాలంటాం మేము. ఆ చప్పుడు ఉన్నంతసేపే మాకు నిద్ర. ఆగిందంటే పోగు తెగిందన్నమాట, అతకడానికి కళ్ళు తెరవకముందే కాళ్ళు లేస్తాయి. బావ నడుం వాల్చడం, పక్కింటి సాంచా ఆగడం, ఈయన దిగ్గున లేచి కుంటుకుంటూ గోడదాకా పోవడం. పరాయివాళ్ళ పోగండీ! మోకాలు ఇంకాస్త వాచింది.

"సాంచా సప్పుడు ఇనవడని జాగకు తీస్కపోదాం" అంది అక్క.

అలా సర్కారు ఎస్టీ బస్సులో ఒళ్ళు హూనం చేసుకుని రత్నగిరి వైపు సముద్రం ఒడ్డుకు చేరాం. చేపలమ్మే యమునాబాయి ఇంట్లో గది దొరికింది. అక్క బీడీలు చుట్టే చాట కూడా తెస్తానంటే నేను తేనివ్వలేదు. చేతిలో చాట లేకపోయేసరికి ఆమె కొంగు అంచునే బీడీలా చుట్టేది, విప్పేది, మళ్ళీ చుట్టేది.

సరుగుడు చెట్ల నీడలో చాదర్ పరిచి బావను పడుకోబెట్టాం. కెరటాల మోతకు ఆయన మొహం వెలిగిపోయింది. "మస్తు నడుస్తుందిరా దత్తూ! జర స్లో ఉంది గానీ" అని కళ్ళు మూశాడు. అక్క సముద్రానికి దండం పెట్టింది.

ఇంతలో ఒక కెరటం వెనక్కి పోయింది. రెండోది రాలేదు.

"తెగింది!" అంటూ బావ లేచి పరుగు తీశాడు. మోకాలు మడతపడి నీళ్ళలో బోర్లా పడ్డాడు. చేయి మాత్రం పోగు కోసం ముందుకు చాపే ఉంది. యమునాబాయి "కాయ్ ఝాలా, కాయ్ ఝాలా" అని ఏమైందో అడుగుతూ ఉరికొచ్చి, సంగతి విని కడుపు పట్టుకుని నవ్వింది. నాకైతే ఒళ్ళు మండిపోయింది.

"సముద్రానికి పోగులెక్కడియి బావా?"

"నాకు ఎరుకనేరా. నా కాళ్ళకు ఎరుకలేదు."

చెవుల్లో దూది పెట్టాను. సప్పుడు లేకుంటే నిద్రెట్ల వస్తదని పీకేశాడు. తువ్వాలుతో ఆయన కాలికి నా కాలు కట్టుకున్నాను. ఈసారి ఇద్దరం కలిసి నీళ్ళలో పడ్డాం.

మర్నాడు మధ్యాహ్నం అక్కకు ఏడుపొచ్చేసింది. "నీ కాలు పోతే మన గతేందయ్యా? జర పండుకోరాదు!" అంటూ, లేస్తే పట్టుకుందామని ఆయన పక్కనే కూలబడింది. పట్టుకునేదేమో గానీ, పొద్దస్తమానం బీడీలు చుట్టే మనిషి కదా, చేతిలో పని లేక, చల్లటి గాలి తగిలి, కళ్ళు మూతలుపడ్డాయి. ఒరిగి ఒరిగి, ఆయన ఎడమ తొడ మీద తల పెట్టి నిద్రపోయింది. అక్క పట్టపగలు పడుకోవడం నేనెన్నడూ చూడలేదు. పెళ్ళయినప్పటి నుంచి బావా చూడలేదు.

కెరటం ఆగింది. బావ నడుం లేచింది, చేయి గాల్లోకి పోయింది. నేను పట్టుకోవడానికి సిద్ధంగా ఉన్నాను. ఆయన కిందికి చూశాడు. చేయి మెల్లగా దించి, అక్క మొహం మీద ఎండ పడకుండా అడ్డం పెట్టాడు.

"పోగు తెగింది బావా" అన్నాను కావాలని.

"తెగనియ్యిరా" అన్నాడు గొంతు తగ్గించి. "మీ అక్క పండుకున్నది."

మిగతా రోజులన్నీ మధ్యాహ్నం కాగానే అక్కకు నిద్ర ముంచుకొచ్చేది. ఒకనాడు ఒంటికన్ను తెరిచి నన్ను చూసి, మళ్ళీ గట్టిగా గురక పెట్టింది. దొంగది! ఆ సంగతి బావ చెవిన వేయలేదు నేను.

సోలాపూర్‌లో డాక్టర్ మోకాలు చూసి, వాపు మొత్తం దిగిందని, సముద్రపు గాలి మహిమని మెచ్చుకున్నాడు. అక్క అవునవునంది. బావ మళ్ళీ మగ్గాల మధ్య తిరగడం మొదలుపెట్టాడు. ఆదివారం మధ్యాహ్నం మాత్రం అక్క ఓ కునుకు తీసేది, అప్పుడు పక్కింటి సాంచా ఎంతసేపు ఆగినా బావ కదిలేవాడు కాదు.