శరణమ్మ కొట్టంలో సముద్రం పిట్ట

డెబ్బై ఏడో సంవత్సరం కార్తీకంలో సముద్రం దిక్కున పెద్ద తుఫాను వచ్చినప్పుడు జహీరాబాదులోనూ ముసురుపట్టి ఒకటే గాలి కొట్టింది. వాన వెలిశాక శరణమ్మ ఝరాసంగం దారిలోని తమ కందిచేను చూడబోయింది. గట్టు పక్కన బురదలో ఏదో తెల్లగా కదిలితే కొంగ అనుకుంది. దగ్గరికి వెళ్తే కాళ్లు పొట్టిగా, వేళ్ల మధ్య బాతుకున్నట్టు పొరతో ఉన్నాయి. ఒక రెక్క నేలకు జారిపోయింది. చెయ్యి చాపగానే రక్తం వచ్చేలా పొడిచింది.

"పొడువు బిడ్డా. పానం మీదికొస్తె ఎవరైన పొడుస్తరు," అంటూ దాన్ని కొంగులో చుట్టి ఇంటికి తెచ్చుకుంది.

ఎడ్లకొట్టంలో గంప కింద పెట్టి జొన్నలు చల్లింది, నానేసిన రొట్టె పెట్టింది. అది ముట్టలేదు. మర్నాటికి మెడ వాల్చేసింది. శరణమ్మ దాన్ని పశువుల దవాఖానకు తీసుకుపోయింది. ప్రకాశం డాక్టరు రెక్కను ఒంటికి ఆనించి గుడ్డపీలికతో కట్టాడు.

"ఇది సముద్రం పిట్టమ్మా. గాలికి కొట్టుకొచ్చినట్టుంది. చేపలు పెడితేనే బతుకుతుంది."

శరణమ్మవాళ్లు మెడలో లింగం కట్టుకునేవాళ్లు, నీచు ముట్టనివాళ్లు. చేపల బజారు పక్కనుంచి పోవాల్సివస్తేనే ఆమె ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకునేది.

భర్త రేవణసిద్ధప్ప కిరాణం దుకాణం మూసి వచ్చి, సంగతి విని మండిపడ్డాడు. "లింగం ఉన్న ఇంట్ల చేపలా? నలుగురు ఏమంటరు?"

"నలుగురి సంగతి తర్వాత సూద్దాం. అది నా చేతుల సచ్చిపోతె ఆ లింగానికి ఏమని జెప్పుకోవాలె?"

ఆయన కాళ్లు కడుక్కోవడానికి వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున్నే శరణమ్మ చేపలమ్మే సంగమ్మ ముందు నిలబడింది. సంగమ్మ నోరు తెరిచింది. "తొవ్వ తప్పినవా ఏందమ్మా?" విషయం విన్నాక నవ్వి, చిన్న పరిగె చేపలు ఆకులో చుట్టుకుని తానే వెంట వచ్చింది.

"తల ముందు వెట్టాలె. తోక ముందు వెడితె ముల్లు గొంతుల తగుల్తది."

శరణమ్మ పొయ్యి దగ్గరి పట్టుకారుతో చేపను పట్టుకుని, మొహం పక్కకు తిప్పుకుని, చెయ్యి చాపింది. చేప జారి ఒళ్లో పడింది. ఆమె కేకకు ఎడ్లు బెదిరాయి. సంగమ్మ గోడకు ఆనుకుని కళ్లనీళ్లు వచ్చేలా నవ్వింది. రెండోసారి పట్టుకారు ముందుకు చాచీచాచకముందే పిట్ట చేపను లాక్కుని గుటుక్కున మింగింది. అప్పుడు శరణమ్మ కూడా నవ్వింది.

ఇక అదే వరస. మేత పెట్టడం, నూతి దగ్గర తలస్నానం చెయ్యడం, తడిబట్టతో పూజకు కూర్చోవడం. చలికాలం చన్నీళ్లకు ఆమెకు జ్వరం పట్టుకుంది. దుప్పటి కింద వణుకుతూనే పిట్టకు ఎవరు పెడతారని బెంగపడింది. ఉండబట్టలేక లేచి కిటికీలోంచి కొట్టంలోకి చూసింది.

రేవణసిద్ధప్ప ధోవతి ఎగగట్టి గొంతుక్కూర్చున్నాడు. పట్టుకారు కూడా లేదు. ఉత్త వేళ్లతో చేప అందిస్తున్నాడు. "జల్ది తిను తల్లీ, జర జల్ది. ఎవరన్న సూస్తరు."

ఆమె చప్పుడు కాకుండా వచ్చి పడుకుంది. కాసేపటికి ఆయన స్నానం చేసి, విభూతి పెట్టుకుని వచ్చాడు. "సంగమ్మ ఒచ్చి పెట్టిపోయింది. ఫికర్ జెయ్యకు."

"అట్లనా," అంది శరణమ్మ, నవ్వు కనపడకుండా దుప్పటి కప్పుకుని.

శివరాత్రి దాటేసరికి పిట్ట కొట్టం కప్పు మీదికి ఎగరసాగింది. మొగుడూపెళ్లాలు, సంగమ్మ ముగ్గురూ బండి కట్టుకుని మంజీర ఒడ్డుకు వెళ్లారు. గంప తీయగానే అది నీళ్లలోకి దిగి, కాగితం పడవలా తేలుతూ ఒళ్లంతా తడుపుకుంది. తర్వాత నీటి వెంటే తక్కువ ఎత్తులో ఎగిరి, ఒక చుట్టు తిరిగి, పైకి పైకి వెళ్లింది.

"దానికి తొవ్వ తెలుస్తదా?" రేవణసిద్ధప్ప కళ్లొత్తుకుంటూ అడిగాడు.

"మనకు తెల్వకపోతె దానికి తెల్వదా?" అంది శరణమ్మ. ఆమె కూడా కళ్లు తుడుచుకుంటూనే ఉంది.

ఆ సంగతి కోహీర్ దాకా పాకింది. ఎనభైలలో ఆ కొట్టం ఖాళీగా ఉన్న రోజు తక్కువ. పతంగి దారానికి రెక్క కోసుకున్న గద్దను, గూట్లోంచి పడ్డ కాకిపిల్లను, కాలు విరిగిన కొంగను ఎవరో ఒకరు తెచ్చి గడప దగ్గర పెట్టేవాళ్లు. సంగమ్మ బజారు అయ్యాక వచ్చి, అరుగు మీద చాయ్ తాగి, పరిగెలు ఇచ్చిపోయేది. అన్నీ బతికేవి కావు. ఏదైనా పోయిన రోజు శరణమ్మ పొయ్యి వెలిగించేది కాదు. రేవణసిద్ధప్ప తనకూ ఆకలిగా లేదని చెప్పి, వచ్చి ఆమె పక్కనే కూర్చునేవాడు.