రెండో బర్రె

మా అత్తకు సర్కారు బర్రె వచ్చిన రోజు మా మామ పొద్దుగూకినా దుకాణం నుంచి ఇంటికి రాలేదు. మిషను మీద పని ఉందని ఎవరితోనో కబురు పంపాడు. పనీ లేదు, పాడూ లేదు. మెదక్ బజారు నిండా రెడీమేడ్ దుకాణాలు వచ్చాక ఆయన దగ్గర బట్టలు కుట్టించుకునేవాళ్లు పండక్కీ పబ్బానికీ వచ్చే పాతవాళ్లే. బర్రె మొహం చూడటం ఇష్టం లేక మిషను ముందు కూర్చున్నాడు, అంతే.

మామ దర్జీ. పెద్ద చర్చి గేటుకు ఎదురు సందులో చిన్న దుకాణం. క్రిస్మస్ ముందు చర్చివాళ్ల అంగీలు, పెళ్లిళ్ల కాలంలో జాకెట్లు, మిగతా రోజుల్లో చిరుగులు. ఎప్పుడు చూసినా తను కుట్టుకున్న తెల్ల అంగీ, మెడలో టేపు. దారిలో పేడ కనిపిస్తే పైజామా ఎత్తి పట్టుకుని అవతలి పక్కకు పోయేవాడు. అలాంటి మనిషి ఇంట్లో, వాకిలి పక్కనే, బర్రెల కొట్టం వేయించింది మా అత్త. ఆమె ధైర్యం ఆమెది.

నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చి అప్పటికి ఎంతో కాలం కాలేదు. నా నోరు మంచిది కాదని మా అమ్మ పెళ్లిచూపుల్లోనే చెప్పేసింది కాబట్టి నన్నెవరూ తప్పుపట్టడానికి లేదు. మా ఆయన లారీ డ్రైవరు. ఇంట్లో ఉన్న రోజులకన్నా రోడ్డు మీద ఉన్న రోజులే ఎక్కువ. అందుకని ఆ ఇంట్లో జరిగిన ప్రతిదీ దగ్గరుండి చూసింది నేనే.

బర్రెల పథకం సంగతి అత్త మహిళా సంఘంలో విని వచ్చింది. సగం సర్కారు భరిస్తుంది, సగం బ్యాంకు అప్పు. పాల కేంద్రానికి పాలు పోసి ఆ అప్పు తీర్చుకోవాలి. ఇంటికి రెండు బర్రెలు, కానీ రెండూ ఒకేసారి ఇవ్వరు. మొదటిదాన్ని ఎలా సాకుతున్నామో కొన్ని నెలలు చూసి, పశువుల డాక్టరూ బ్యాంకు సారూ ఇంటికొచ్చి, పాలు పిండటం కళ్లారా చూశాకే రెండోది. ఎక్కడో ఎవరో బర్రెను అమ్మేసుకుని, తనిఖీ నాడు పక్కింటి బర్రెను తెచ్చి చూపించారట. అప్పటి నుంచి ఈ పట్టింపు.

అత్తకు కావలసింది ఆ రెండోదే. ఒక్కటే ఉంటే అది వట్టిపోయిన నెలల్లో ఆమె మళ్లీ కూలికి పోవాలి. రెండుంటే ఒకటి వట్టిపోయేసరికి ఇంకొకటి ఈనుతుంది, ఇంట్లో పాలకు కరువుండదు. చిన్నపిల్లగా ఉన్నప్పటి నుంచీ ఇతరుల పొలాల్లో నాట్లు వేసి, కలుపు తీసి, ఆమె నడుము అరిగిపోయింది. "రెండోది రానీ. ఇగ ఒకరి పొలంల నడుము వంచ బిడ్డా" అని ఒకనాడు నాతో అంది. ఆ రోజు నుంచి ఆ రెండో బర్రె మీద ఆమెకెంత ఆశో నాకూ అంత ఆశ.

మొదట వచ్చింది హర్యానా బర్రె. నల్లగా నిగనిగలాడుతూ, చుట్టలు తిరిగిన కొమ్ములతో చూడముచ్చటగా ఉండేది. పాపం, దాని దూడ లారీ ప్రయాణంలోనే పోయింది. పైగా దానికి తెలుగు రాదు. మనం ఏమని అదిలించినా గోడకు చెప్పుకున్నట్టే. అత్త తనకొచ్చిన బజారు ఉర్దూలో "జర ఠహరో, జర ఠహరో" అని, కాస్త ఆగమని బతిమాలుతూ దాన్ని మచ్చిక చేసుకుంది. కొన్నాళ్లకు అది తెలుగు నేర్చుకుంది గానీ అత్త మాత్రం దానితో ఉర్దూ మానలేదు.

ఆమె చేసిన పొరపాటల్లా ఒక్కటే. దిష్టి భయం. నలుగురి కళ్లూ సర్కారు బర్రె మీదే ఉన్నాయని కొట్టంలోకి ఇంకొకరిని రానిచ్చేది కాదు. కన్నకూతురిలా చూసుకునే నన్ను కూడా పిండే వేళకు బయటికి పంపి, గోనెపట్టా అడ్డం దించేది. రెండు పూటలా అదే ఆకుపచ్చ నేతచీరె కట్టేది. దాన్ని మేము పాడి చీరె అనేవాళ్లం. ఎంత ఉతికినా కుడితి వాసన పోయేది కాదు. బర్రె ఆ వాసన చూడగానే చేపేది, అంటే పొదుగులోకి పాలు వదిలేది. ఇంకెవరైనా దగ్గరికి వస్తే పాలు పైకి ఎగబెట్టుకునేది. ఒక్క చేతికే అలవాటు చేస్తే ఇంతే అవుతుందని అత్తకు తెలుసు. అయినా నాకేమవుతుందిలే అనుకుంది.

సరిగ్గా తనిఖీకి రావలసిన రోజుల్లోనే ఆఫీసులు బందయ్యాయి. తెలంగాణ తేల్చేదాకా కుర్చీల్లో కూర్చునేది లేదని ఉద్యోగులు సమ్మెకు దిగారు. పశువుల డాక్టరు కూడా సమ్మె శిబిరంలోనే. పాల వ్యాను రాని రోజు అత్త ఆ పాలు మోసుకుపోయి శిబిరంలో చాయ్‌కి పోసి వచ్చేది. తనిఖీ వెనక్కి పోతోందన్న దిగులు ఒక పక్క, తెలంగాణ రావాలన్న పట్టుదల ఇంకో పక్క. సంఘం ఆడవాళ్లంతా రోడ్డు మీద వంటావార్పు పెట్టుకుంటే ముందు నిలబడింది. గంజి వార్చిన చోట కాలు జారి పడి, కుడిచెయ్యి విరగ్గొట్టుకుని ఇంటికొచ్చింది.

దవాఖానలో కట్టు వేస్తుంటే కంట్లోంచి చుక్క రాలలేదు. పైగా చూడవచ్చినవాళ్లనే దబాయించింది. "తెలంగాణ కోసం నా చెయ్యే ఇచ్చిన, మీరేమిచ్చిండ్రు?" అంది. కానీ ఆ సాయంత్రం కొట్టంలోకి పోయేసరికి, బర్రె ఆ తెల్ల కట్టు చూసి, దవాఖాన వాసనకు బెదిరి, బుస కొట్టి వెనక్కి జరిగింది. అత్తనే గుర్తుపట్టలేదు. అప్పుడు ఏడ్చింది మా అత్త.

ఇక నేనే దిక్కు. పాడి చీరె కట్టుకుని పోయాను. మా పుట్టింట్లో పాలు ప్యాకెట్లో వస్తాయి, పొదుగు ఎలా ఉంటుందో దగ్గరగా చూసింది అదే మొదలు. బర్రె నా కొంగు వాసన చూసింది, కాసేపు ఆలోచించింది. నా గోళ్లు తగలగానే బకెట్టును గోడదాకా తన్నింది. చేయి తిరిగిన ఆడవాళ్లు సంఘంలో ఉన్నారు, వచ్చారు కూడా. కానీ పాడి చీరె పరాయివాళ్ల ఒంటి మీదికి పోతే ఇంట్లో పాడి పోతుందని అత్త నమ్మకం. ఎంత చెప్పినా చీరె ఇవ్వనంది. వాళ్ల చీరెల్లో వాళ్లు కూర్చుంటే బర్రె వాళ్లనూ తన్నింది. పొదుగు రాయిలా గట్టిపడింది. పాల కేంద్రంలో మా ఇంటి పాలు ఆగేసరికి, బర్రె వట్టిపోయిందని కొందరు, అమ్మేసుకున్నారని కొందరు మొదలుపెట్టారు.

ఇంతలో సమ్మె విరమించారు. మరునాడు పొద్దున్నే తనిఖీ అని సంఘం లీడరు వచ్చి చెప్పింది. వాయిదా అడగమని బతిమాలాను. ఇప్పటికే ఆలస్యమైందని, చూడని ఇళ్లను పక్కన పెట్టి బర్రెలు వేరే సంఘానికి ఇచ్చేస్తారని అంది. అత్త గోడకు ఆనుకుని తన కట్టువైపు చూస్తూ కూర్చుంది.

మామ అన్నం తిని చెయ్యి కడుక్కుని వచ్చాడు. మిషను దగ్గరికి పోతాడనుకున్నాను. వాకిట్లోనే నిలబడ్డాడు.

"గా చీరె ఏడున్నది?" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. అత్తకు అయింది. "నీకెందుకయ్యా గీ కష్టం" అంది మెల్లగా.

"నాకు పిండుడు వస్తది."

అప్పుడు తెలిసింది నాకు. ఎల్దుర్తి దిక్కు ఉన్న వాళ్ల ఊళ్లో మామ చిన్నప్పుడు ఇంటి నిండా బర్రెలేనట. పాలు పిండేది ఆయనే. కరువులో మేత లేక వాళ్ల నాయన అన్నింటినీ కటికవాళ్లకు తోలేసి, కొడుకును కుట్టుపని నేర్చుకొమ్మని పట్నం పంపాడు. ఆ తరవాత మామ ఏ కొట్టంలోనూ అడుగు పెట్టలేదు. ఇదంతా అత్తకు పెళ్లైన కొత్త నుంచీ తెలుసు. అందుకే చెయ్యి విరిగినా, రెండో బర్రె పోయేటట్టున్నా, ఆయన్ను ఒక్క మాట అడగలేదు. ఇదేమీ తెలియక, పేడ చూసి జరిగిపోయే మనిషని లోపల్లోపల ఆయన్ను ఎంత వెక్కిరించానో తలుచుకుంటే నాకే నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

తెల్లవారకముందే చీరె కట్టుడు మొదలైంది. ఊరందరికీ జాకెట్లు కుట్టిన మనిషికి కుచ్చిళ్లు పోయడం రాదు. అత్తకు ఉన్నది ఎడమ చెయ్యి. మామకు చీరె కట్టడానికి కోడలు చెయ్యి వేయడమన్నది మా ఇళ్లల్లో ఉంటుందా? నేను గోడవైపు తిరిగి నిలబడి, లోపలికి మడవండి, బొడ్డు దగ్గర దోపండి అని గోడకే చెప్పాను. గాజుల చప్పుడు కూడా ఉండాలంది అత్త. ఆమె గాజులు ఆయన చేతికి ఎక్కలేదు. టేపు తీసి వాటిని దానికి గుచ్చి మణికట్టుకు కట్టుకున్నాడు. కొంగు తల మీదుగా కప్పుకుని కొట్టంలోకి పోతుంటే, వెనకనుంచి చూసి నేనూ ఒక్క క్షణం అత్తే అనుకున్నాను.

డాక్టరూ బ్యాంకు సారూ వచ్చేసరికి వాకిలి నిండా జనం. గోనెపట్టా ఎత్తారు. మామ గొంతుక్కూర్చుని, నుదురు బర్రె డొక్కకు ఆనించి, కళ్లు మూసుకుని పిండుతున్నాడు. బకెట్టులో ధారల చప్పుడు, చేతికి గాజుల చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. వెనకాల ఎవరో కిసుక్కుమన్నారు. డాక్టరు వెనక్కి తిరిగి నోటి మీద వేలు పెట్టాడు. బర్రె బెదరకుండా దూరంగా నిలబడి, మెల్లగా అత్తను అడిగాడు.

"మీ చెయ్యి ఇట్లున్నది గదమ్మా, పిండేదెవరు?"

"మా ఇంటాయన సార్" అంది అత్త. అంత గర్వంగా ఆమె ఆ మాట అనడం నేనెప్పుడూ వినలేదు.

బకెట్టు నిండేదాకా ఇద్దరూ నిలబడే ఉన్నారు. డాక్టరు పొదుగు నొక్కి చూసి, వాపు దిగడానికి మందు చెప్పి, రెండోది వస్తుందని అత్తతో అని వెళ్లిపోయాడు. మామ ఆ జనం మధ్యనుంచే లోపలికి వచ్చి, చీరె విప్పి మడతపెట్టి, తెల్ల అంగీ తొడుక్కుని దుకాణానికి పోయాడు. బజారు ఊరుకుంటుందా? జాకెట్టు ఎప్పుడు కుట్టుకుంటున్నావని చాలా రోజులు ఆయన్ను ఆటపట్టించారు. గుడ్డ మిగిలితే కుట్టుకుంటానని జవాబు చెప్పేవాడు. అత్త కట్టు విప్పేదాకా రెండు పూటలా ఆ చీరె కట్టాడు.

రెండో బర్రె వచ్చిన రోజు మామ దుకాణం మూసేసి ఇంట్లోనే ఉన్నాడు. లారీలోంచి తనే దించాడు. "దీనికి చీరె అలవాటు చెయ్యకుండ్రి. దీన్ని నేను చూసుకుంట" అన్నాడు. మొదటి రోజు నుంచీ అంగీతోనే కూర్చున్నాడు. పాత తెల్ల అంగీ ఒకటి కొట్టంలో మేకుకు వేలాడేది. పేడ మరకలకు అత్త ఎన్ని సబ్బులు అరగదీసినా అది మళ్లీ తెల్లబడలేదు. ఒకటి వట్టిపోతే ఒకటి ఈనింది. అత్త ఆ తరవాత ఒకరి పొలంలో నడుము వంచలేదు.

తెలంగాణ వచ్చింది. ఆ తరవాత కొన్నేళ్లకు, ఒక మధ్యాహ్నం మిషను మీద తల వాల్చి మామ పోయాడు. కర్మకాండలయ్యాక ఆయన బట్టలన్నీ పంచిపెట్టేశాం. కొట్టంలో అంగీ కోసం పోతే అత్త అడ్డం నిలబడింది. అది మాత్రం ఉతకొద్దు, ఇవ్వొద్దు అంది. అన్ని రోజులూ ఆమె ఏడవలేదు. బంధువులంతా వెళ్లిపోయాక ఆ అంగీ పట్టుకుని ఏడుస్తుంది కాబోలు, ఏడవనీ అనుకున్నాను.

ఆమె ఆలోచన వేరే. మామ పోయినప్పటి నుంచి రెండో బర్రె ఎవరినీ దగ్గరికి రానివ్వడం లేదు. మరునాడు పొద్దున్నే అత్త చీరె మీద ఆ అంగీ తొడుక్కుంది. గుండీలన్నీ పెట్టుకుంది. చేతులు పొడుగైతే మోచేతులదాకా మడిచింది. బర్రె ఆ మడత వాసన చూసింది, మళ్లీ చూసింది, నాకింది. అత్త గొంతుక్కూర్చుని, ఆయనలాగే నుదురు దాని డొక్కకు ఆనించింది. మొదటి ధార పడ్డ చప్పుడు నాకు వాకిట్లోకి వినిపించింది.

"చేపిందయ్యా" అంది అత్త.

అప్పుడు ఏడ్చింది. గట్టిగా, ఊపిరాడనట్టు ఏడ్చింది. చేతులు మాత్రం ఆపలేదు. బకెట్టు నిండాక ఆ అంగీ చేత్తోనే కళ్లు తుడుచుకుని, బకెట్టును నా చేతికిచ్చింది.

"వ్యాను వచ్చే యాళ్లయింది, పోసిరా బిడ్డా."