పుట్టిలో కుడియెడమలు లేవు

వచ్చే నెలలో విశాఖపట్నం నుంచి ఓడ ప్రయాణం పెట్టుకున్నామని, కోదాడలో ఉండే మా చెల్లెలు నాకు ఫోన్లో పెద్ద పట్టికే పంపింది. ఓడ ముందుభాగాన్ని బో అనాలట, ముందుకు తిరిగి నిలబడితే ఎడమవైపు పోర్టు, కుడివైపు స్టార్‌బోర్డు అట, ఆ తర్వాత మనం ఎటు తిరిగినా ఆ పేర్లు మాత్రం మారవట. "అక్కా, ఇవన్నీ బట్టీ పట్టు, లేకపోతే ఎక్కాక తికమక పడతావు" అని హుకుం కూడా. మిర్యాలగూడలో మా వరండాలో కూర్చుని, సాయంత్రపు గాలికి కళ్లు మూతలు పడుతుండగా ఆ మాటలు వల్లె వేస్తుంటే, నలభై ఏళ్ల కిందటి కృష్ణ నీళ్లు మెల్లగా వచ్చి పాదాలను తాకినట్టయింది.

అప్పుడు నాకు కొత్తగా నర్సు ఉద్యోగం. సూర్యాపేటలో పెరిగి బావి నీళ్లు తప్ప ఎరగనిదాన్ని తీసుకెళ్లి పెద్దవూర అవతల, సాగర్ నీళ్ల ఒడ్డున వేశారు. వారానికోసారి పిల్లల టీకాల డబ్బా ఒళ్లో పెట్టుకుని అవతలి తండాకు పుట్టిలో వెళ్లాలి. వెదురుతో అల్లి తారు పూసిన ఆ గుండ్రటి పుట్టికి ముందూ వెనకా ఉండవు, తెడ్డు వేసినప్పుడల్లా అది తిరుగుతూ పోతుంది, పొద్దుటి మంచులో గుట్టలే మన చుట్టూ తిరుగుతున్నట్టుండి, మెలకువో కలో తెలిసేది కాదు. అందుకే పుట్టి నడిపే అక్క కుడి, ఎడమ అనే మాటలే వాడేది కాదు. సాగర్ కట్ట ఉన్నవైపు కట్ట దిక్కు, రెండోవైపు గుట్ట దిక్కు, అంతే.

చదువుకున్నదాన్ననే పొగరు నాకు కొంత ఉండేది. ఎక్కేటప్పుడు కట్ట నా కుడిచేతివైపు ఉంది కాబట్టి, కట్ట దిక్కంటే కుడిచెయ్యే అని ఖాయం చేసుకున్నాను. ఒకరోజు నడినీళ్లలో గాలి లేచింది. "సిస్టరమ్మా, కట్ట దిక్కు జరుగు, జల్ది!" అని అక్క కేకేసింది. నేను కుడికి జరిగాను, అప్పటికే కట్ట నా ఎడమకు వచ్చి ఉంది. పుట్టి ఒరిగిపోయి, డబ్బా ఒళ్లోంచి జారి అంచు దాటబోయింది. తండాలో తట్టు లేచిన రోజులవి, అవతలి ఒడ్డున తల్లులు బిడ్డల్ని ఎత్తుకుని నిలబడి కనిపిస్తున్నారు, డబ్బా మునిగితే మళ్లీ వారం దాకా వాళ్లకు మందు లేదు. అక్క చేతిలో తెడ్డు వదిలేసి, రెండు చేతులతో డబ్బాను పట్టుకుంది. తెడ్డు నీళ్లలో కొట్టుకుపోయింది.

ఇద్దరం చెరో దిక్కున వంగి, అరచేతులతో నీళ్లు తోసుకుంటూ ఒడ్డు చేరేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది. నా మొహం చూసి అక్క, "తెడ్డుదేముంది, ఇంకోటి చెక్కుకుంట. పోరగాండ్లకు సూదులు పడాలె గద" అంది. డబ్బాలో ఐసు ఇంకా మిగిలే ఉంది. పిల్లలందరికీ టీకాలు వేశాను, ఏడుస్తూనే వేశాను, వాళ్ల ఏడుపులో నా ఏడుపు ఎవరికీ వినపడలేదు.

ఇప్పుడు ఆ తండాకు రోడ్డు పడింది, సంతోషమే. చెల్లెలి పట్టికలో ఓడ నడిపే గదిని బ్రిడ్జి అంటారని ఉంది. అక్కడికి ప్రయాణికుల్ని రానివ్వరట, కెప్టెన్ గొంతు మైకులో వినడమేనట. అంత పెద్ద ఓడకు అది సబబే కావచ్చు. నాకే ఎందుకో దిగులుగా ఉంది. నేనెక్కిన పుట్టిలో నడిపే మనిషి మోకాలు నా మోకాలికి తగులుతూ ఉండేది, నేను భయపడితే ఆమెకు తెలిసిపోయేది.