కోతల పండగకి ఇచ్చిన మేకపోతు

“నేనివ్వను. అది నాది.”

“నీదెట్లా అయింది? నువ్వు కన్నావా దాన్ని?”

“పాలు పట్టి పెంచింది నేను.”

“పాలు కాచింది నేను. ప్రాణం పోసింది దేవుడు. మధ్యలో సీసా పట్టుకున్నదానివి నువ్వు. మాట్లాడకుండా ఆ చిక్కుళ్లు కొయ్యి.”

నా చిన్నప్పుడు మా నాయనమ్మకి నేను ఎదురు చెప్పింది ఆ ఒక్కరోజే. నాకు పదేళ్లుంటాయి. చిక్కుడు పందిరి కింద నిలబడి, చేతిలో గంప కింద పడేసి మరీ అరిచాను. ఆ తగువు ఎవరి గురించో వాడు మాత్రం నా గౌను అంచు నములుతూ పక్కనే నిలబడి ఉన్నాడు. నల్లటి మేకపోతు, నుదుటి మీద చిన్న తెల్ల మచ్చ.

మాది అరోరా అనే ఊరికి పడమర, మొక్కజొన్న చేల మధ్య చిన్న పొలం. నాన్న రాత్రిపూట ఫ్యాక్టరీలో చేసేవాడు, పగలు కాస్త కునుకు తీసి పొలం చూసుకునేవాడు. కొన్ని మేకలు, కోళ్లు, ఇంటి వెనక మిరప, గోంగూర, చిక్కుడు. ఇల్లూ పొలమూ నడిపేది మాత్రం గుంటూరు దగ్గర పల్లె నుంచి సముద్రాలు దాటి ఈ దేశం వచ్చిన మా నాయనమ్మే. ఆవిడ చేతిలో ఏదీ వృథా పోయేది కాదు. దాణా సంచులు ఉతికి దిండ్లకి గలీబులు కుట్టేది. నాకు బడి చదువు పెద్దగా అబ్బలేదు, మధ్యలోనే మానేసి పొలం పనిలో పడ్డాను. తెలుగు అక్షరాలు మాత్రం ఆవిడే, చర్చి పాటల పుస్తకం మీద నా వేలు పెట్టించి నేర్పింది. ఇప్పుడు ఇది రాస్తున్నది ఆ అక్షరాలతోనే.

ఆ ఏడు మంచు కరిగే రోజుల్లో తల్లిమేక ఈనలేక చచ్చిపోయింది. పిల్ల కూడా కదలడం లేదు. నాయనమ్మ గడ్డిలో మోకాళ్ల మీద కూర్చుని పిల్లని గోనెపట్టాతో రుద్దుతూ, “దీన్ని బతికించు తండ్రీ, కోతల పండగకి నీ దగ్గరికే తోలుకొస్తాను” అని మొక్కుకుంది. నేను విన్నాను. విని మర్చిపోయాను. పిల్ల బతికింది. సోడా సీసాకి రబ్బరు పీక తగిలించి పాలు పట్టాను. పెద్దదైనకొద్దీ నా వెనకే తిరిగేది. పొద్దున స్కూల్ బస్ వచ్చేదాకా మెయిల్‌బాక్స్ దగ్గర నాతోనే నిలబడేది. వేరే ఎవరు తాడు పట్టుకున్నా నాలుగు కాళ్లూ నేలకి తన్నిపెట్టి అడుగు వేసేది కాదు.

కోతల పండగంటే, పంట చేతికొచ్చాక మా తెలుగు చర్చివాళ్లం చేసుకునే ఆరాధన. ఎవరికి పండింది వాళ్లు తెచ్చి ముందు పెడతారు. ప్రార్థన అయ్యాక వాటిని వేలం వేస్తారు, వచ్చింది చర్చికి పోతుంది. అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్లు కుండీల్లో కాసిన టమాటాలు తెచ్చేవాళ్లు, అదీ లేనివాళ్లు కేకు చేసి తెచ్చేవాళ్లు. మేకని తోలుకెళ్లగలిగింది మేమే. ఆ రోజుల్లో ఇక్కడ షాపుల్లో మేకమాంసం ఎక్కడిది? ఆదివారాలు మా ఇంటికొచ్చే అంకుల్స్ నన్ను పలకరించేవాళ్లు గానీ, చూపంతా దాని తొడల మీదే ఉండేది.

చిక్కుళ్ల దగ్గర అరిచాక నేను అన్నానికి వెళ్లలేదు. వెనక మెట్ల మీద కూర్చున్నాను. నాయనమ్మ వచ్చి పక్కన కూర్చుంది. ఆవిడ అలా కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు.

“పిచ్చిదానా, నువ్వే తోలుకెళ్లి దేవుడి ముందు నిలబెట్టు. వేలంలో మీ నాన్న పాడతాడు. మళ్లీ మన కార్‌లోనే ఇంటికొస్తుంది. మొక్కూ తీరుతుంది, నీ మేకా నీకుంటుంది.”

“నిజంగానా?”

“నేనెప్పుడైనా అబద్ధం చెప్పానా?”

చెప్పలేదు. అందుకే నమ్మాను. ఆ శనివారం దానికి స్నానం చేయించి, మెడలో నా ఎర్ర రిబ్బను కట్టాను.

ఆదివారం ఆరాధన అయ్యాక వేలం మొదలైంది. గుమ్మడికాయ తెచ్చిన ఆంటీ తన కాయ తనే పాడుకుంది. “ఇంత మోసుకొచ్చింది మళ్లీ మోసుకుపోవడానికా వదినా?” అని ఎవరో అంటే అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఎవరిది వాళ్లు పాడుకోవచ్చన్నమాట, ఇక భయం లేదనుకున్నాను.

తాడు పట్టుకుని దాన్ని ముందుకి నడిపించాను. పిల్లిలా నా వెంట వచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు. నాన్న మొదటి పాట పాడాడు. వెనక వరస నుంచి ఒక అంకుల్ పెంచాడు. నాన్న మళ్లీ చెయ్యెత్తబోయాడు. అప్పుడు నాయనమ్మ తన చెయ్యి ఆయన మోచేతి మీద వేసింది. గట్టిగా కూడా కాదు. ఊరికే వేసి ఉంచింది. నాన్న చెయ్యి దించేసి నేల చూశాడు.

ఆ అంకుల్ వాళ్లింట్లో వారం తిరిగేలోపు పుట్టినరోజు విందు ఉందట. తాడు ఆయన లాగితే అది కదల్లేదు. చివరికి కారు వెనక తలుపు దాకా నేనే నడిపించాల్సి వచ్చింది. తలుపు వేశాక అద్దంలోంచి నన్ను చూసి అరిచింది.

ఇంటికి వస్తూ కార్‌లో అడిగాను, “నాన్నని ఎందుకాపావు?”

“దేవుడికిచ్చింది మళ్లీ ఇంటికి తెచ్చుకుంటామా?”

“మరి తెస్తామని ఎందుకు చెప్పావు?”

“చెప్పకపోతే నడిపించుకొచ్చేదానివా?”

నాన్న రోడ్డు చూస్తూ డ్రైవ్ చేశాడు.

ఇన్నేళ్లలో ఆవిడ తరఫున చాలాసార్లు ఆలోచించాను. ఆవిడ మొక్కు నిజం, ఆవిడ భయమూ నిజం. దేవుడికిచ్చిన మాట నిలబెట్టుకోవడానికి నాకిచ్చిన మాట తప్పింది. మాంసం కోసం పెంచే జంతువు మాంసానికే పోతుందని పొలంలో పుట్టిపెరిగిన పిల్లకి తెలియకపోదు. ఆ మాటే చెప్పి ఉంటే ఏడ్చేదాన్ని, తిట్టేదాన్ని, చివరికి ఊరుకునేదాన్నేమో. నా చేత్తోనే నడిపించింది చూశారా, అది నాకు ఇంకా మింగుడు పడదు. ఆవిడ పోయినప్పుడు కూడా ఏడుస్తూనే అది గుర్తు చేసుకున్నాను.

నా మనవడు ఈమధ్య అడిగాడు, “అమ్మమ్మా, ఈ కోడి మనతోనే ఉంటుందా?” అని.

“ఉండదు. క్రిస్మస్‌కి కోస్తాను. ముద్దు చేస్తే చెయ్యి, అది తెలిసి చెయ్యి” అన్నాను.

మా అమ్మాయి వంటింట్లోంచి, “అమ్మా, పిల్లాడికి అలా చెప్తారా ఎవరైనా?” అని కసిరింది. నేను చెప్తాను. చెయ్యని పని చేస్తానని పిల్లలకి చెప్పను. మెత్తగా మాట్లాడి పక్కన కూర్చున్న మనిషిని చూస్తే నాకు ఇప్పటికీ ముందు అనుమానమే వస్తుంది. అది మంచి గుణమని నేననను.

ఆ పండగ మర్నాడు పొద్దున నేను కొట్టం దగ్గరికి వెళ్లేసరికి నాయనమ్మ అది పడుకునే చోటు ఊడ్చేసి, పెంటికలన్నీ గంపకెత్తింది. వెల్లుల్లి నాటే రోజులవి. “ఆ పక్క పట్టుకో” అంది. పట్టుకున్నాను. ఇద్దరం మోసుకెళ్లి మడిలో పోసి, మట్టిలో కలిపాం. బస్ హారన్ వినిపిస్తే చేతులు కడుక్కుని వెళ్లిపోయాను.