మర్నాటి చేపల పులుసు

మా సేవా క్లబ్బు ప్రెసిడెంటమ్మ పోయారని గురువారం తెల్లారకుండానే నరసన్నపేట నుంచి ఫోనొచ్చింది. పొయ్యి మీద పాలు పొంగి గట్టంతా పారేదాకా నేను చూసుకోలేదు. నిద్రలోనే వెళ్లిపోయారట. ఎవరినీ గుక్కెడు మంచినీళ్లయినా అడగకుండా వెళ్లడం ఆవిడకే చెల్లింది.

ఆస్పత్రిలో నర్సుగా రిటైరైన మనిషి. క్లబ్బులోనూ నర్సు పెత్తనమే. టీ తాగకుండా ఎవరైనా మీటింగు మొదలెడితే ఊరుకునేవారు కాదు. "కడుపులో ఏటీ నేకపోతే నోట్లోకి కోపమే వస్తాది" అనేవారు. శాలువాలంటే మంట. ఫోటో అంటే వెనక వరసలోకి జారుకునేవారు.

ఏ పనైనా ఇద్దరికి అప్పజెప్పడం ఆవిడ పద్ధతి. ఆ ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోనివాళ్లయి ఉండాలి. నాకూ మా తోటికోడలికీ మాటల్లేని రోజుల్లో, కంటి శిబిరంలో సాంబారు గంగాళం చెరో పక్కా పట్టుకోమన్నారు. నేను సణిగాను. "ఇష్టమైనోలతో సేస్తే అది సరదాయే. సేవ ఎలాగవుద్దే?" అన్నారు.

మాది వరి పండించే ఊరు. మా పక్కన తీరంలో ఉన్న ఊరివాళ్లది చేపల వేట. ఒక కోతలకాలంలో మావాళ్లు రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం మీంచి వాళ్ల చేపల ఆటో వెళ్లింది. మాటా మాటా పెరిగి తలలు పగిలాయి. చేపల తట్ట ఊళ్లోకి రాకూడదని మా పెద్దలు కట్టడి చేశారు. వాళ్లలో మా మావగారే ముందు. ఏడాదిపాటు ఆ తీరపు ఊరి ఆడవాళ్లు పసిపిల్లల్ని ఇంట్లో వదిలి, మా ఊరు దాటి నరసన్నపేట దాకా పోయి, పొద్దుగూకేవరకూ అమ్ముకున్నారు.

తర్వాత తుఫానొచ్చి రెండు ఊళ్ల మధ్య రోడ్డు మీద చెట్లు పడగొట్టింది. ప్రెసిడెంటమ్మ పెద్ద రంపాలు తెప్పించి, ఒక కొస మా ఊరివాడికి, రెండో కొస వాళ్ల ఊరివాడికి ఇచ్చారు. మొదటిపూట రంపం చప్పుడే తప్ప మాట లేదు. మర్నాటికి "ఒరే, నెమ్మదిగా లాగరా" అనేదాకా వచ్చింది. రోడ్డు బాగయ్యాక, సోమవారం సాయంత్రం మా ఊరి బడిలో రెండు ఊళ్లకీ కలిపి భోజనాలన్నారు.

అది కార్తీక సోమవారమని ఆవిడకు తట్టలేదు. ఎలాగూ చుక్క చూశాకే తింటాం కదా అని మావాళ్లు పప్పూ కూరలూ వండారు. వాళ్లేమో మంచిది పట్టుకెళ్లాలని వంజరం చేపల పులుసు కుండలతో దిగారు. మూత తీసేసరికి బడంతా నీసు వాసన కమ్మేసింది.

"కార్తీక సోమారం నీసు అట్టుకొస్తారా? ఎటకారమేటి?" అని మా మావగారు లేచారు.

"గేపకం నేదు బాబూ. మంచి సేప కదా అని తెచ్చినాం" అంది వాళ్లలో పెద్దామె. అంటూనే కుండ ఎత్తుకుంది. అలా వెళ్లిపోతే వాళ్లు మళ్లీ మా ఊళ్లో అడుగుపెట్టరు.

ప్రెసిడెంటమ్మ వెళ్లి ఆ కుండ దింపించారు. "తప్పు నాది. కేలండరు సూడకుండా సోమారం పెట్టీసినాను" అన్నారు. తర్వాత మా మావగారి వైపు తిరిగి, "బావా, సేపల పులుసు ఎప్పుడు బావుంటాది?" అని అడిగారు.

మావగారు భోజనప్రియులు. అంత కోపంలోనూ అబద్ధం ఆడలేకపోయారు. "మర్నాడు" అని గొణిగారు.

"అయితే రేపు పొద్దున్న తిందాం. వండినోలే వెచ్చబెట్టాల గదా, ఈ రాతిరికి ఇక్కడే ఉంటారు. ఎవులింట ఉంచుకుంటారో సెప్పండి."

"మా సావిడి కాళీగానే ఉన్నాది" అన్నారు మావగారు.

"సావిడేటి? ఇంట్లోకి రమ్మను" అంది మా అత్త.

ఆ పూట అందరూ పప్పన్నం తిన్నారు. పొద్దున్నే బడిలో పులుసు. కట్టడి ఎత్తేశామని ఎవరూ చాటించలేదు గానీ ఆ వారం నుంచే తట్టలు ఊళ్లోకి వచ్చాయి. ఆవిడ దగ్గర పనిచేయడం నా అదృష్టం. ఆవిడ లేని మీటింగుకు వెళ్లాలంటే ఇప్పుడు నాకు కాళ్లు రావడం లేదు.

గురువారం నేను బయల్దేరేసరికి ఆ ఆడవాళ్లు చేపలతో మా వీధిలో ఉన్నారు. కబురు వినగానే తట్టలు మా గుమ్మం ముందు దించేసి, కట్టుకున్న చీరలతోనే నాతో ఆటో ఎక్కారు. మావగారు కూడా ఎక్కబోయి ఆగిపోయారు. "సేపలు పాడైపోతాయి. మీరెల్లండి" అన్నారు.

మేం తిరిగొచ్చేసరికి మధ్యాహ్నమైంది. తట్టల మీద తడిగోనెలు కప్పి, మావగారు వాటి మధ్యే కూర్చుని తువ్వాలుతో కాకుల్ని తోలుతున్నారు. మధ్యమధ్య ఆ తువ్వాలుతోనే కళ్లు తుడుచుకుంటున్నారు.