గడప దాటిన నీళ్లు

సీతమ్మను తొడపై కూర్చోబెట్టుకుని భద్రగిరి మీద కొలువైన రామయ్యకు ముందుగా దండం. ఎండలోనూ వరదలోనూ మా చేయి విడవని తండ్రికి జయం. కోపంతో ఉన్న నోటితో ఆయన పేరు పలకొద్దని మా భజన మండలి పెద్దలు చెప్తారు. అయినా పలుకుతున్నాను. నా సంగతి ఆయనకు కొత్త కాదు.

ఈ కోపం ఈ పొద్దున నా ఫోన్‌కు వచ్చిన ఒక ఫోటోతో మొదలైంది. పంపింది మా చెల్లెలి భర్త. ఖమ్మంలో టైల్స్ దుకాణం; పెట్టే చేయి. చిన్నప్పుడు కల్లూరులో మా ఇంటి గోడ మీది క్యాలెండర్‌లో వెనిస్ నగరం చూసినప్పటి నుంచి మా చెల్లెలికి ఆ ఊరంటే పిచ్చి. విమానమంటే మాత్రం భయం. అక్క పక్కన కూర్చుంటేనే ఎక్కుతానంది. సరే, ముగ్గురం నాలుగు రోజులకు వెళ్లొద్దామనుకున్నాం. నేను బూట్లు కొని, చీర మీద వాటిని తొడుక్కుని రోజూ మా భద్రాచలం గోదావరి కరకట్ట మీద నడక మొదలుపెట్టాను. "ఏందమ్మా, పోలీసు ఉద్యోగానికి పోతున్నవా?" అని మా భజన ఆడవాళ్లు పడీపడీ నవ్వారు. అంత సంబరంలో ఉండగా ఈ ఫోటో వచ్చింది. వెనిస్ వీధిలో మోకాలి లోతు నీళ్లలో ఎవరో దుకాణం కుర్చీలు మోసుకుపోతున్నారు, పక్కన యాత్రికులు రబ్బరు బూట్లతో నవ్వుతున్నారు. కింద మా మరిది మాట: "వదినా, టికెట్లు కార్తీకంలకు మార్చిన. అప్పుడే సముద్రం ఊర్లకొస్తదంట. మస్తుంటది!"

నాకు కొన్నేళ్ల కిందట గోదావరికి వచ్చిన పెద్ద వరద గుర్తొచ్చింది. పల్లపు కాలనీలో మా ఇల్లు. బియ్యం డ్రమ్ములు అటక మీదికి ఎక్కించి, దేవుడి పటాలను దుప్పట్లో చుట్టుకుని బడిలో పెట్టిన శిబిరానికి పోయాం. మర్నాడు ఇల్లు ఉందో లేదో చూద్దామని కరకట్ట మీదికి వస్తే అక్కడ తిరునాళ్లలా ఉంది. ఎక్కడెక్కడి నుంచో కార్లు, కాల్చిన మొక్కజొన్న పొత్తులు, పైకెత్తిన ఫోన్లు. వాళ్లలో మా మరిది. నీళ్లపైన తేలిన మా ఇంటి కప్పును వీడియో తీసి, హుషారైన పాట జోడించి చుట్టాలందరికీ పంపాడు. "వదినా, నీ ఇల్లు ఫేమస్ అయింది" అన్నాడు నాతోనే. నేను చెప్పుల్లేకుండా నిలబడి ఉన్నాను. భాగవతంలో వానకు తడిసిన వాళ్లందరికీ గోవర్ధనం కింద చోటు దొరికింది. దూరంగా నిలబడి వేడుక చూసినవాడి ఊసు నేనెప్పుడూ వినలేదు.

వెంటనే ఫోన్ చేశాను. "నేను కార్తీకంల రాను."

"దీపాలు పెట్టాలనా వదినా? ఆడనే పెడుదువులే."

"దీపాల కోసం కాదు. కాలువల పడవెక్కుత, ఎంత దూరమైనా నడుస్త. ఒకరి గడప దాటిన నీళ్లను చూడనీకి మాత్రం రాను. ఎండల నెల చూడు, వస్త."

"గట్లయితే ఆడ ఏం మజా ఉంటది? నువ్వు రాకుంటే మీ చెల్లె రాదు. దాని ఆశ మీద మన్ను పోస్తవా?"

అంతలో ఫోన్ చెల్లెలు లాక్కుంది. "అక్క రాకుంటె కాదు. నాకే రావాలని లేదు. ఆమె ఇల్లు మునిగినప్పుడు నువ్వు పాట పెట్టినవ్. ఆనాడే అడగాల్సింది నిన్ను."

ఆయన స్నేహితులతో కార్తీకంలోనే పోతున్నాడు. సాయంత్రం చెల్లెలు భద్రాచలం బస్సు దిగి, భజనలో నా పక్కన కూర్చుని తాళం వేసింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఎన్నాళ్లనుంచో అనుకున్న ఊరు, ఇంకెప్పటికి చూస్తుందో. నా కోపం ఇంకా తగ్గలేదు. వరద ఒక వారంలో తీసింది, ఇన్నేళ్లయినా మా గోడల చెమ్మ ఆరలేదు. ఆ దూరపు ఊళ్లోనూ కార్తీకంలో ఏదో ఒక ఇల్లాలు సామాను పైకెక్కిస్తూ ఉంటుంది. ఆమె పేరు మనకు తెలియకపోయినా రామయ్యకు తెలుసు. ఆమె గడప దగ్గరే నీళ్లు ఆగాలని, చదువుతున్న మీరూ నాతో కలిసి ఒక్కసారి చేతులు జోడించండి.