వీధంతా వినే గ్రామరు

ఆదోనిలో రహీమ్ మాస్టరు ఇంగ్లీషు పాఠం ఎత్తుకున్నాడంటే వీధి చివర జట్కా గుర్రం కూడా చెవులు రిక్కించేది. ఆ మనిషికి ఉన్న జబ్బల్లా అరుపు. అదీ పాఠం చెప్పేటప్పుడే. అన్నం అడిగినా, ఎవరినైనా కోప్పడినా గొంతు పెగిలేది కాదు. పిల్లల హోంవర్కు చేతికి వస్తే మాత్రం మైకు మింగినట్టు మారిపోయేవాడు.

ఇది డెబ్బయ్యెనిమిది నాటి మాట. పగలంతా ఎమ్మిగనూరులో పాఠాలు చెప్పి, సాయంత్రం బస్సు దిగి, టీ తాగీ తాగకముందే పెరట్లో చాప పరిచేవాడు. వీధిలోని పదో తరగతి పిల్లలు చుట్టూ చేరేవాళ్లు; పాఠం రాత్రి పొద్దుపోయేదాకా సాగేది. "డు, డిడ్, డన్" అని ఆయన కేకేస్తే కొట్టంలో ఎనుము తాడు తెంచుకోబోయేది. కూరగాయలమ్మే హులిగమ్మకు సైతం అవన్నీ నోటికొచ్చేశాయి. "ఈ పొద్దు టమేటా లేదక్కా. గో, వెంట్, గాన్" అంటూ గంప ఎత్తుకునేది.

మాస్టరు భార్య బడేబీకి ఇదంతా తలవంపుగా ఉండేది.

"పిల్లోళ్లు నీ మోకాలికి తగిలేంత దగ్గరుండారు. అంత అరవాల్నా?"

"గ్రామరు గట్టిగా చెప్తేనే లోపలికి దిగుతాది" అనేవాడాయన, నెమ్మదిగా.

"పక్కింటి ఉస్మాన్ సాబ్ నిద్రలోకి దిగుతాంది. ఆయప్ప మీదికొస్తే నాకు తెలీదు."

ఉస్మాన్ సాబ్ పత్తి వ్యాపారి, ముక్కుమీద కోపం. కూతురు షరీఫాను ఎనిమిదో తరగతితో బడి మాన్పించినప్పుడు మాస్టరొక్కడే వెళ్లి అడిగాడు. "మా ఇంటి సంగతి మాకొదిలెయ్" అని పంపేశాడు.

ఒక ఆదివారం ఎమ్మిగనూరు నుంచి వెంకటేశులు అనే విద్యార్థి ఏదో పనిమీద వచ్చాడు. బడేబీ టీ ఇచ్చి జాలిపడింది.

"దినమంతా ఆ అరుపు ఎట్ల తట్టుకుంటాండారు నాయనా?"

"అరుపేందమ్మా? మా సార్ మాట రెండో బెంచీ దాటి రాదు."

మరునాడు బడేబీ వంటింటి గడపలో కూర్చుని గమనించింది. పిల్లలు ఎదురుగా ఉంటే మాస్టరు మొహం మాత్రం ఉస్మాన్ సాబ్ పిట్టగోడ వైపు ఉంది. ప్రతి వాక్యం రెండుసార్లు అరిచి, కాసేపు ఆగుతున్నాడు. గోడ అవతల పేజీ తిప్పిన చప్పుడైంది. తర్వాత సన్నటి గొంతు: "సార్, ఆ కడా వాక్యం ఇంకోసారి చెప్పండి."

పాఠం అయ్యాక బడేబీ మిరియాల పాలు తెచ్చి మొగుడి చేతిలో పెట్టింది.

పరీక్షలు ఇంకా దూరముండగానే ఒక సాయంత్రం ఉస్మాన్ సాబ్ నేరుగా పెరట్లోకి వచ్చాడు. పిల్లలు పుస్తకాలు మూసేశారు.

"మాస్టర్ సాబ్, నిన్న ప్యాసివ్ వాయిస్ చెప్పినారు కదా."

"గట్టిగా చెప్పినానా?" అన్నాడు మాస్టరు లోగొంతుతో.

"గట్టికేముంది, అలవాటైపోయినాది. తొందరగా చెప్పినారు. పాప రాసుకోలేక ఏడుస్తాంది." ఉస్మాన్ సాబ్ గడ్డం గోక్కున్నాడు. "ప్రైవేటుగా పదో తరగతి పరీక్ష కట్టిస్తాండా. రేపట్నుంచి ఈడికే పంపిస్తా. నన్ను నిద్రపోనీండి."

మర్నాడు షరీఫా వచ్చి చాప అంచున కూర్చుంది. మాస్టరు సంతోషంగా పుస్తకం తెరిచి, తన అసలు గొంతుతో పాఠం మొదలుపెట్టాడు. పిల్లలంతా మోకాళ్ల మీద లేచి ముందుకు వంగారు. షరీఫా కాసేపు ఓపిక పట్టింది.

"సార్, గోడ అవతలే బాగుండె. ఈడ ఏమీ వినపడ్తాలేదు."